దినకూలి వాక్యం, దొర ప్రసంగం

ప్రసంగం ఎట్లా తయారుచేసుకోవాలి అనే విషయం మీద మన సంఘాల్లో చర్చే లేదు. చర్చి ఆస్తులు ఎవరు అమ్ముకుంటున్నారు, కమిటీ ఎవరి చేతిలో ఉంది, బిషప్పు ఏ కులం వాడు అనే వాటి మీద కావలసినంత గొడవ ఉంది. ఉండాల్సిందే. కానీ ప్రతి ఆదివారం పల్లెలో, గూడెంలో ఒక మనిషి ముప్పావుగంట సేపు నిలబడి మాట్లాడుతుంటే కూలిజనం నోరు మెదపకుండా వింటున్నారు. తమ గురించి తాము ఏమనుకోవాలో ఆ ముప్పావుగంటలో నేర్చుకుంటున్నారు. దళిత ఉద్యమం వాళ్ళతో ఏడాదికి ఎన్ని గంటలు మాట్లాడుతుంది, పాస్టరు ఎన్ని గంటలు మాట్లాడుతున్నాడు అని లెక్క వేసుకుంటే, ప్రసంగ తయారీ పాస్టర్ల సొంత వ్యవహారం కాదని తెలుస్తుంది.

మేము ఇక్కడ ఒకే ఒక వాక్యభాగం తీసుకుంటున్నాం. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో మొదటి 16 వచనాలు, ద్రాక్షతోట కూలివాళ్ళ ఉపమానం. దీన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. వినేవాళ్ళు దినకూలీలు, కథ దినకూలీలది. అంత దగ్గరి కథను అంత దూరం చేసి చెప్పడం ఎట్లా సాధ్యమవుతోంది అన్నదే మా ప్రశ్న.

కథ తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఒక తోట యజమాని పొద్దున్నే బయలుదేరి, రోజుకు ఒక దేనారం చొప్పున మాట్లాడుకుని కూలీలను తోటలోకి పంపుతాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్ళీ వెళ్ళి సంతవీధిలో ఉన్నవాళ్ళను పనిలోకి తోలుతాడు. వాళ్ళకు న్యాయంగా ఇస్తానంటాడు గానీ ఎంతో చెప్పడు. పొద్దు గూకడానికి గంట ముందు పోయి చూస్తే ఇంకా మనుషులున్నారు. వాళ్ళనూ పంపుతాడు. సాయంత్రం చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి అందరికీ ఒక్కో దేనారమే ఇప్పిస్తాడు. పొద్దుటి నుంచి ఎండకు మాడినవాళ్ళు సణుగుతారు. వాళ్ళలో ఒకడికి జవాబు చెప్పి, నీది నువ్వు తీసుకుని పొమ్మంటాడు.

ఈ వాక్యం మీద మేము విన్న ప్రసంగాలన్నీ దాదాపు ఒకే ప్లాను మీద నడిచాయి. మూడు అంశాలు, మూడూ ఒకే అక్షరంతో మొదలు కావాలి: పిలుపు, పని, ప్రతిఫలం. యజమాని దేవుడు. తోట సంఘం. సంతవీధి పాపలోకం. తొమ్మిదింటికి వచ్చినవాడు బాల్యంలో రక్షణ పొందినవాడు, అయిదింటికి వచ్చినవాడు ముసలితనంలో మారుమనసు పొందినవాడు. దేనారం అంటే రక్షణ. మధ్యలో ఒక ఓడ మునిగిన కథో, అమెరికా కోటీశ్వరుడి కథో ఉంటుంది. చివర అప్పగింత: దేవుడిచ్చిన దాంతో తృప్తిపడండి, సణగకండి, పక్కవాడిని చూసి ఏడవకండి. ఆ మాట విన్న మనిషి సోమవారం పొద్దున్నే కలుపుకు పోయి, రేటు పెంచమని అడిగే గుంపులో నిలబడాలా వద్దా అని ఆలోచిస్తుంది.

ఈ పద్ధతి పాస్టర్లు తమంతట తాము కనిపెట్టింది కాదు. రెండో శతాబ్దంలో ఐరేనియస్ ఈ గంటలను లోకచరిత్రలోని యుగాలుగా చెప్పాడు. మూడో శతాబ్దంలో ఓరిగెన్ మనిషి వయసులోని దశలుగా కూడా చెప్పాడు. అప్పట్లో ఆ అర్థానికి ఒక పని ఉంది. ఆలస్యంగా వచ్చిన అన్యజనులు ముందే ఉన్నవాళ్ళకు ఏమీ తీసిపోరు అని చెప్పడానికి అది పనికొచ్చింది. దాన్ని మేము కొట్టిపారేయడం లేదు. కానీ ఒక చోట ఒక పని చేసిన అర్థం మరో చోట అదే పని చేస్తుందన్న హామీ లేదు. భూమి ఒక కులానిది, కూలి మరో కులానిది అయిన ఊళ్ళో, దొర కుర్చీలో దేవుణ్ణి కూచోబెట్టి కథ మొదలుపెడితే ఇక ఆ దొర చేసిందల్లా న్యాయమే అవుతుంది. వినేవాళ్ళకు మిగిలే వేషం ఒక్కటే, సణిగేవాళ్ళ వేషం. కాగితం మీద మూడు అంశాలు రాసుకోక ముందే, వాక్యం చదివే మనిషి ఎక్కడ నిలబడి చదువుతున్నాడు అన్న దగ్గరే ప్రసంగం ప్లాను సగం అయిపోతుంది. తోట గట్టు మీద నిలబడితే ఒక కథ కనిపిస్తుంది, సంతవీధిలో నిలబడితే ఇంకో కథ.

సంతవీధిలో నిలబడి చదువుదాం.

మొదట కనిపించేది ఒక చిన్న మాట. తెలుగు బైబిల్లో ఆ మనుషులు అక్కడ ‘ఊరక’ నిలబడ్డారని ఉంది. ప్రసంగీకులకు ఈ మాట దొరికితే పండగే. సోమరితనం మీద పావుగంట చెప్పొచ్చు. గ్రీకులో ఆ చోట ఉన్న మాట ‘ఆర్గోస్’. ‘పని’ అనే మాటకు ముందు ‘లేని’ అని చేర్చితే వచ్చేది, అంటే పని లేనివాళ్ళు. ఆ మాటను సోమరులన్న అర్థంలోనూ వాడతారు నిజమే, కానీ ఇక్కడ ఏ అర్థమో కూలీలే చెప్పారు. రోజంతా ఎందుకున్నారని యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదని జవాబు చెప్పారు. హైదరాబాదులో ఏ అడ్డా మీదికైనా పొద్దున్నే పోయి చూస్తే ఇది అర్థమవుతుంది. మేస్త్రీ వచ్చి ముందు ఎవరిని పిలుస్తాడు? కండ ఉన్నవాణ్ణి. గుంటూరు వైపు మిర్చి కోతలప్పుడు ఆటోలో ముందు ఎవరిని ఎక్కించుకుంటారు? చేతులు చురుగ్గా ఆడేవాళ్ళను. పొద్దు వాలేదాకా మిగిలేది ముసలివాళ్ళు, అవిటివాళ్ళు, చంటిబిడ్డ తల్లి. కిందటి వారం కూలి తగ్గించాడని గట్టిగా అడిగినవాడు కూడా మిగులుతాడు. రోజంతా నిలబడటమూ కష్టమే. ఆ కష్టానికి కూలి ఉండదు.

యజమాని అయిదుసార్లు ఎందుకు వచ్చాడు? ఆయనది ప్రేమ, వెదకి వెదకి పిలుస్తున్నాడు అని చెబుతారు. కావచ్చు. కానీ తోట ఎంతో, పని ఎంతో, కావలసిన మనుషులు ఎందరో పొద్దున్నే తెలియని రైతు ఉంటాడా? ముందే ఎక్కువమందిని పెట్టుకుంటే ఎక్కువ దేనారాలు పోతాయి. కాబట్టి తక్కువమందితో మొదలుపెట్టి, పని సాగని కొద్దీ మనుషులను కలుపుకుంటూ పోయాడు. గుత్తకు పని చేయించే ప్రతివాడికీ తెలిసిన లెక్క ఇది. రెండు అర్థాలకూ కథలో చోటుంది. మొదటిదాన్ని మాత్రమే చెప్పి రెండోదాన్ని దాచితే, కూలి చేసేవాళ్ళకు తెలిసిన నిజాన్నే వాళ్ళ దగ్గర దాచినట్టు.

సాయంత్రం కూలి ఇవ్వడం దగ్గరికి వద్దాం. పొద్దు గూకక ముందే కూలివాడి కూలి ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. తెల్లారేదాకా దగ్గర పెట్టుకోకూడదని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. కోతకోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. అంటే ఆ సాయంత్రం యజమాని చేసిన మొదటి పని దయ కాదు, ధర్మశాస్త్రం. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ 2005 చట్టం 15 రోజుల్లోగా కూలి చెల్లించాలంది. ఆ గడువు ఎన్నిసార్లు దాటిపోయిందో కూలీలకు తెలుసు. ద్వితీయోపదేశకాండం గడువు పొద్దు గూకేదాకే. ఇన్ని వచనాలు చేతిలో పెట్టుకుని ఎగ్గొట్టిన కూలి మీద ఒక్క ఆదివారం కూడా మాట్లాడని పాస్టరు, దశమభాగం మీద మాత్రం మలాకీ 3వ అధ్యాయాన్ని కంఠతా చెబుతాడు.

ఆ తర్వాత కూలి ఇచ్చిన వరస. చివర వచ్చినవాళ్ళకు ముందు ఇమ్మన్నాడు. ముందు వచ్చినవాళ్ళకు ముందే ఇచ్చి పంపేస్తే ఏ గొడవా లేదు, వాళ్ళు దేనారం తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు. వాళ్ళు చూస్తుండగా ఇవ్వడంతో కూలీలకూ కూలీలకూ మధ్య తగవు పడింది. కోపం యజమాని మీద మొదలై పక్కవాడి మీదికి పోయింది: వీళ్ళను మాతో సమానం చేశావు! ఈ మాట మన రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. రిజర్వేషన్ల మీద అగ్రకులాల వాళ్ళు అంటున్నది ఇదే అని కొందరు యువ పాస్టర్లు ఉత్సాహంగా చెబుతున్నారు. పోలిక తేలిగ్గా దొరికింది గానీ సరిపోదు. కథలో సణిగినవాళ్ళు పగలంతా ఎండలో పనిచేసిన కూలీలు. సమానత్వం మీద సణిగే అగ్రకులాల వాళ్ళు ఏ సంతవీధిలోనూ నిలబడలేదు, వాళ్ళది తోట గట్టు. ఈ కథ మనకు దగ్గరగా తగిలేది వేరే చోట. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా నుంచి, వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు దాకా మాల మాదిగల మధ్య జరిగింది ఎవరు ఎప్పుడు తోటలోకి వచ్చారు, ఎవరికి ఎంత అందింది అన్న వాదమే. చివర వచ్చినవాడికి పూర్తి కూలి రావాలి అన్నది మాదిగల న్యాయమైన మాట, మేము దాని పక్షమే. కానీ వరస పెట్టినవాడి వైపు ఇద్దరూ ఒకసారి తలెత్తి చూడాలి. మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఉన్న ఊళ్ళో ఈ వాక్యం చెప్పబోయే పాస్టరు ఈ సంగతి ప్లానులో రాసుకోకుండా ఎట్లా పోతాడు?

చివరగా యజమాని మాట. సణిగినవాణ్ణి స్నేహితుడా అని పిలుస్తాడు. ఎంత ప్రేమో అంటారు. మత్తయి ఈ గ్రీకు పిలుపును మూడే మూడుసార్లు వాడాడు. ఇక్కడ ఒకసారి, పెళ్ళిబట్టలు లేకుండా వచ్చినందుకు కాళ్ళూ చేతులూ కట్టించుకుని బయటికి పోయినవాడి దగ్గర 22వ అధ్యాయంలో ఒకసారి, యేసును అప్పగించడానికి వచ్చిన యూదా దగ్గర 26వ అధ్యాయంలో ఒకసారి. మూడుచోట్లా పిలిచిన తర్వాత మంచి జరగలేదు. మన ఊళ్ళో దొర ‘ఏమయ్యా’ అన్నప్పుడు ఆ గౌరవం వెనక ఏముందో పాలేరుకు తెలుస్తుంది కదా, అట్లాంటిది. తర్వాత ఆయన, నా సొమ్ముతో నా ఇష్టం వచ్చినట్టు చేసుకోకూడదా అంటాడు, నీ కన్ను చెడ్డదా అంటాడు. మూలంలో ఉన్నది చెడ్డ కన్ను, మన భాషలో ఓర్వలేని చూపు. తెలుగు అనువాదంలో అది ‘కడుపుమంట’ అయింది. అనువాదకులు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ గొప్ప మాట పడింది. దొరకు అది అసూయ. కూలివాడికి పొద్దుటి నుంచి ఏమీ పడని కడుపు. ఒక్క మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు. ప్రసంగంలో మాత్రం ఎప్పుడూ మొదటిదే వినిపిస్తుంది.

నా సొమ్ము నా ఇష్టం అన్న మాట దేవుడిదే అయితే బైబిలుకే చిక్కు వస్తుంది. లేవీయకాండం 25వ అధ్యాయంలో భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులు, శాశ్వతంగా అమ్ముకోవడానికి వీల్లేదు అని దేవుడు చెప్పినట్టుంది. భూమి ఎవరి సొంతమూ కాదన్నప్పుడు ద్రాక్షతోట మీద ఒక మనిషి ఇష్టం ఎక్కడిది?

ఈ వాక్యాన్ని మంచి దొర కథగా చదివినవాళ్ళు చర్చిలోనే లేరు. జాన్ రస్కిన్ 1860లో రాసిన అర్థశాస్త్ర వ్యాసాలకు పేరు ఈ ఉపమానం నుంచే తీసుకున్నాడు. గాంధీ 1904లో ఆ పుస్తకాన్ని దక్షిణాఫ్రికాలో రైల్లో చదివి, 1908లో దాన్ని గుజరాతీలో సర్వోదయం పేరుతో క్లుప్తంగా చెప్పాడు. ఆస్తి యజమాని దగ్గరే ఉండనివ్వాలి, అతను దాన్ని పేదల కోసం ధర్మకర్తలాగా చూసుకుంటాడు అన్న ఆయన సిద్ధాంతం ఈ మంచి దొరకు దూరం చుట్టమే. 1945లో కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో చెబుతూ రాసిన పుస్తకంలో అంబేద్కర్ ఈ ధర్మకర్తృత్వాన్ని ఉతికి ఆరేశారు. ఇంట్లో అంబేద్కర్ ఫొటో పెట్టుకుని, ఆదివారం పూట ధర్మకర్తృత్వాన్ని దేవుడి పేరుతో వింటున్న సంగతి మనవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మాకు ఒక అభ్యంతరం ఎదురవుతుంది. పరలోకరాజ్యం ఇంటి యజమానిని పోలి ఉంది అని వాక్యమే అంటుంటే మీరెవరు కాదనడానికి అని. మత్తయిలో ఆ మొదలు ఒక వాడుక. 18వ అధ్యాయంలో అప్పు తీర్చలేనివాణ్ణి పెళ్ళాం బిడ్డలతో సహా అమ్మమన్న రాజు కథా అట్లాగే మొదలవుతుంది. 22వ అధ్యాయంలో ఊరు తగలబెట్టించిన రాజు కథా అంతే. పోలిక మొత్తం కథతో, అందులోని ఒక్క మనిషితో కాదు. అమెరికాలో విలియం హెర్జోగ్ 1994లో ఉపమానాల మీద రాసిన పుస్తకంలో ఇంకా ముందుకు పోయి, ఈ యజమాని దేవుడు కానే కాడు, దోపిడీ ఎట్లా నడుస్తుందో కూలీలకు చూపించడానికి యేసు చెప్పిన కథ ఇది అన్నాడు. పావ్లో ఫ్రేరే చదువు పద్ధతితో యేసు బోధను పోల్చాడు. మన దగ్గర 1980ల నుంచి అరవింద్ నిర్మల్ వంటి వాళ్ళు కట్టిన దళిత వేదాంతం తోవలో ఉన్నవాళ్ళకు ఈ మాట నచ్చుతుంది.

మాకూ నచ్చింది. కానీ పూర్తిగా ఒప్పుకోలేం. హెర్జోగ్ మాట పట్టుకుని పోతే సాయంత్రం అయిదింటికి వచ్చిన ముసలమ్మ చేతిలో పడిన దేనారం మాయమైపోతుంది. అది యజమాని ఎత్తుగడే కావచ్చు, ఆ అమ్మకు మాత్రం ఆ పూట పొయ్యి వెలిగింది. గంట లెక్కన పన్నెండో వంతు ఇచ్చి ఉంటే పిల్లలు పస్తు పడుకునేవాళ్ళు. చేసిన గంటలను బట్టి కాకుండా ఇంటి అవసరాన్ని బట్టి కూలి అన్న ఆలోచన ఈ కథలో ఉంది, అది చాలా పెద్ద ఆలోచన. 1976లో సమాన వేతన చట్టం వచ్చిన తర్వాత కూడా ఆడకూలీకి తక్కువ, మగకూలీకి ఎక్కువ ఇచ్చిన ఊళ్ళలో అది ఇంకా పెద్దది. కాబట్టి మా పాఠం ఇది: ఇచ్చిన కూలిని పట్టుకోవాలి, ఇచ్చినవాడి ఉపన్యాసాన్ని వదలాలి. పరలోకరాజ్యం అందరికీ పడిన దేనారంలో ఉంది. నా సొమ్ము నా ఇష్టం అన్నది దొర మాట, దాని మీద ఆమేన్ అనక్కర్లేదు.

మరి ఇంత తేటగా కూలి గురించి ఉన్న వాక్యంలో కూలి ఎందుకు మాయమైంది? విదేశీ ప్రసంగ పుస్తకాలను కాపీ కొట్టడం ఒక్కటే కారణం అనుకోవడం లేదు. దీని వెనక సిగ్గు ఉంది. 1866లో తాళ్ళకొండపాడు మాదిగ, తోలు వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఒంగోలు చుట్టుపక్కల మాదిగ గూడేలు కదిలాయి. పదేళ్ళకు, 1876-78లో, పెద్ద కరువు వచ్చింది. కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ కూలి తెగ్గోశాడు. ఆ కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని గూడేల జనానికి పని పెట్టాడు. బోధకులు కాలువ గట్టు మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. తిండి కోసం చేరారన్న మాట రాకుండా కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆపినా మాట రాక మానలేదు. అన్నం కోసం మతం మారినవాళ్ళు అని ఊరివాళ్ళు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. మాది అన్నం కోసం కాదు, ఆత్మ కోసం అని చెప్పుకోవడానికి చదువుకున్న మన పాస్టర్లు అన్నం ఊసే ఎత్తకుండా ప్రసంగం చెయ్యడం నేర్చారు. దేనారం రక్షణ అయింది, ఆకలి ఆత్మీయ ఆకలి అయింది. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యాన కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక మతం పెట్టుకుని బతుకుతున్న మనిషికి, చర్చిలో తన ఒంటి సంగతీ కడుపు సంగతీ మాట్లాడటం ఇంకా భయమైంది. మా మాట ఏమంటే, కాలువ గట్టు మీద కూలి లెక్క చూసిన బోధకుల వారసులు కూలి మాట ఎత్తడానికి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కరువులో అన్నం పెట్టినచోట జనం దేవుణ్ణి చూశారంటే తప్పు ఆ జనానిదా, వాళ్ళకు అన్నం లేకుండా చేసినవాళ్ళదా?

ఇక తయారీ సంగతి. కోత పండుగకు ఈ వాక్యం చెప్పాలనుకున్న పాస్టరు ఆ వారం వ్యాఖ్యాన గ్రంథం తెరవక ముందు రెండు మూడు ఇళ్ళకు పోవాలి. ప్రార్థన చెయ్యడానికి కాదు, కథ చదివి వినిపించడానికి. ఆడకూలీలకు చదివి, సాయంత్రం ఈ తోటలో మీరుంటే ఏమంటారు అని అడగాలి. వాళ్ళు ఇచ్చే జవాబులు ఏ మూడు అంశాల్లోనూ ఇమడవు. మా అనుభవంలో మొదట వచ్చే ప్రశ్న, మర్నాడు పొద్దున్నే పనికి ఎవరు పోతారు అని. ఇరవై శతాబ్దాల వ్యాఖ్యానాల్లో మేము చూసినంతలో ఈ ప్రశ్న అరుదు. ఊళ్ళో ఆ ఏడు నాట్లకు ఎంత, కోతకు ఎంత, ఆడవాళ్ళకు ఎంత తగ్గించారు అన్నది కాగితం మీద రాసుకోవాలి. వేదిక మీద ఆ అంకెలు చదవాలా వద్దా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. చర్చి స్థలం ఇచ్చింది రైతే అయితే, మొదటి వరసలో ఆయనే కూచుంటే, పాస్టరు జీతంలో ఆయన కానుక ఉంటే, ఆ పాస్టరు కూడా అదే సంతవీధిలో నిలబడ్డవాడే. అతన్ని తప్పు పట్టడం మాకు తేలిక, అందుకే పట్టడం లేదు. సంఘంలో అతని పక్కన నిలబడేవాళ్ళు ఉంటేనే అట్లాంటి ప్రసంగం బతుకుతుంది.

ఒక్క మార్పు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా చెయ్యొచ్చు. వాక్యభాగం 20వ అధ్యాయం మొదటి వచనంతో మొదలుపెట్టాలని ఎవరూ శాసించలేదు, అధ్యాయాల అంకెలు పదమూడో శతాబ్దంలో పెట్టినవి. 19వ అధ్యాయం 16వ వచనం నుంచి చదివితే, ఆస్తి అమ్మి పేదలకు ఇమ్మంటే దిగులుగా వెళ్ళిపోయిన ధనవంతుడు ముందు వస్తాడు. సూది బెజ్జం మాట వస్తుంది. అన్నీ వదులుకుని వచ్చాం, మాకేం దొరుకుతుంది అని పేతురు కూలి అడుగుతాడు. ఆ తర్వాతే తోట యజమాని వస్తాడు. వెళ్ళిపోయిన ఆ ధనవంతుణ్ణి చూసిన కళ్ళతోనే జనం ఈ యజమానిని చూస్తారు. చదవడానికి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఓడ మునిగిన కథ తీసేస్తే సరిపోతుంది.